తిరునాళ్ళలో వెలసిన బడి



మా ఇంటి అటకమీద ఒక రాట్నం ఉంది. అది మా అమ్మమ్మది. నా చిన్ననాటికే దాని కదురు వంగిపోయింది. చక్రాన్నీ కదురునూ కలిపే త్రాడు ఏనాడో చీకిపోయింది. ప్రతి సంవత్సరం సంక్రాంతికి ముందు ఇల్లు దులిపేటప్పుడు దానిని క్రిందికి దింపడం, తుడవడం, మళ్ళీ పైకెక్కించడం మా ఇంట ఒక ఆచారం. పారవేయడానికి మనసొప్పదు, వాడడానికి చేతకాదు. పాత వస్తువులతో మనకున్న సంబంధమంతా ఈ రెండు ముక్కల్లోనే ఉన్నది కదా!

అమ్మమ్మ ఆ రాట్నం త్రిప్పడం ఎక్కడ నేర్చుకున్నదని చిన్నప్పుడు అడిగితే, "తిరునాళ్ళలో" అనేది. ఏ దేవుడి తిరునాళ్ళని అడిగితే నవ్వేది. అది దేవుడి తిరునాళ్ళు కాదు. 1923 డిసెంబరులో కాకినాడలో జరిగిన కాంగ్రెసు మహాసభ. ఆమెకు అప్పటికి పదిహేనేళ్ళు. ఊరినుండి ఆమడ దూరం ఎడ్లబండిలో వాళ్ళ నాన్నతో వెళ్ళిందట. ఉపన్యాసాలు ఆమెకు అర్థంకాలేదు. ఆంగ్లంలోనూ హిందూస్తానీలోనూ జరిగిన సభ ఆ పల్లెటూరి పిల్లకేమి తెలుస్తుంది? కానీ సభ ప్రక్కనే ఖద్దరు ప్రదర్శన పెట్టారు. అక్కడొక నడివయసు స్త్రీ రాట్నం ముందు కూర్చుని వచ్చినవారికి వడకడం చూపుతూ ఉంటే, మా అమ్మమ్మ ఆ పూటంతా ఆమె ప్రక్కనుండి కదలలేదట. సాయంత్రానికి ఏకు ఎలా పట్టుకోవాలో, దారం తెగకుండా చేతిని ఎంతదూరం లాగాలో తెలిసిపోయింది.

ఈ చిన్న కథను పట్టుకుని కొంత చరిత్ర తవ్వాలని ఎన్నాళ్ళుగానో అనుకుంటున్నాను. జనం గుమిగూడే ఉత్సవాన్ని బడిగా మార్చి, తిండీ బట్టా తానే సంపాదించుకునే విద్యను అక్కడ నేర్పవచ్చునా? మన దేశంలో ఒక తరం పెద్దలు నేర్పవచ్చుననే నమ్మారు. ఆ నమ్మకం ఎంతవరకు ఫలించింది, ఎక్కడ బెడిసింది అన్నదే ఈ వ్యాసానికి విషయం.

కాంగ్రెసు సభలతోపాటు ప్రదర్శనలు పెట్టే సంప్రదాయం గాంధీగారితో మొదలుకాలేదు. 1901లో కలకత్తా సభతోపాటు తొలి పారిశ్రామిక ప్రదర్శన జరిగింది. దక్షిణాఫ్రికానుండి వచ్చిన గాంధీగారు మొదటిసారి హాజరైన కాంగ్రెసు సభ కూడా అదే కావడం ఒక ముచ్చట. ఆ తరువాత వరుసగా అహమ్మదాబాదు, మద్రాసు, బొంబాయి, కాశీ, మళ్ళీ కలకత్తా సభలలో ఇటువంటి ప్రదర్శనలు సాగాయి. అవి స్వదేశీ వస్తువులకు గౌరవం తెచ్చాయి. అయితే వాటి స్వభావం వేరు. మనదేశంలో ఏమేమి తయారవుతున్నాయో చూపి, కొనండని ప్రోత్సహించేవి అవి. చూడవచ్చినవాడు అక్కడ కొనుగోలుదారు. విద్యార్థి కాడు.

చూడవచ్చినవాణ్ణి విద్యార్థిని చేయాలన్న తలంపు రాట్నంతో వచ్చింది. ఆ రాట్నం గాంధీగారికి దొరికిన కథ చిత్రమైనది. 1909లో ఆయన 'హింద్ స్వరాజ్' రచించేనాటికి రాట్నాన్నిగాని మగ్గాన్నిగాని చూచిన జ్ఞాపకమే ఆయనకు లేదు. ఆ సంగతి ఆయనే తన ఆత్మకథలో దాచకుండా వ్రాసుకున్నారు. 1915లో ఆశ్రమం స్థాపించి మగ్గాలు పెట్టినపుడు మిల్లు నూలే నేసేవారు. చేతితో వడికేవారికోసం వెదకగా వెదకగా, 1917లో భరూచిలో జరిగిన విద్యాసభలో గంగాబెన్ మజుందార్ అనే వితంతువు పరిచయమయింది. ఆమె ఊరూరూ తిరిగి, చివరకు బరోడా సంస్థానంలోని విజాపూరులో రాట్నాలను కనుగొన్నది. అవి ఇళ్ళలో అటకలమీద మూలుగుతున్నాయి. మా ఇంటి రాట్నం మొదటిది కాదన్నమాట! క్రమం తప్పకుండా ఏకులు అందిస్తే వడికి ఇస్తామని ఆ ఇళ్ళ స్త్రీలు చెప్పారు.

ఇక్కడే అసలు ముడి ఉన్నది. ఏకులు ఎవరివ్వాలి? తెలుగులో 'ఏకు' అన్నమాట చక్కనిది. క్రియగా వాడితే దూదిని చిక్కులు విడదీసి పొరలు పొరలుగా చేయడం. నామవాచకంగా వాడితే అలా ఏకిన దూదిని సన్నగా చుట్టిన వత్తి. "ఏకై వచ్చి మేకై కూర్చున్నాడు" అన్న సామెతలో ఉన్నది ఈ మెత్తని ఏకే. పత్తి కోసి తెచ్చిన తరువాత గింజ తీయాలి, దూది ఏకాలి, ఏకులు చుట్టాలి, ఆపైన వడకాలి, చిలుపలు చుట్టాలి, పడుగూ పేకా సిద్ధం చేయాలి, నేయాలి. ఈ గొలుసులో ఒక్క లంకె తెగినా బట్ట లేదు. మొదట్లో ఉమర్ సోబానీ అనే మిల్లు యజమాని తన మిల్లునుండి ఏకులు ఉచితంగా పంపాడు. కొంతకాలానికి గాంధీగారి మనసు ఒప్పలేదు. మిల్లు ఏకులు తీసుకోవచ్చునంటే మిల్లు నూలు మాత్రం ఎందుకు తీసుకోకూడదు అని ఆయన తనను తాను ప్రశ్నించుకున్నారు. దూదేకేవాణ్ణి వెదికితే, దొరికిన ఒక్కడూ నెలకు ముప్పయి అయిదు రూపాయలు అడిగాడు. ఆ కాలానికి అది పెద్ద మొత్తమే. గాంధీగారు ఒప్పుకున్నారు. గంగాబెన్ కొందరు కుర్రవాళ్ళకు ఏకులు చుట్టడం నేర్పించింది. ఆశ్రమంలో మగన్‌లాల్ గాంధీ రాట్నానికి మెరుగులు దిద్దాడు. ఇలా, లోకమంతా సులభమనుకునే పనిని తిరిగి నేర్చుకోవడానికి అంతటివారికి కొన్ని సంవత్సరాలు పట్టింది.

ఇంత కష్టంమీద దొరికిన విద్యను దేశమంతటికీ పంచాలన్న నిర్ణయం మన గడ్డమీదనే జరిగింది. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో విజయవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘం సమావేశమయింది. కోటి రూపాయల తిలక్ స్వరాజ్య నిధి, కోటిమంది సభ్యులు, ఇరవై లక్షల రాట్నాలు. ఇవి జూన్ 30 లోపల సాధించవలసినవి. నిధి విషయం చందాల పుస్తకాలకు సంబంధించినది. సభ్యత్వం సంతకాలకు సంబంధించినది. రాట్నం మాత్రం అలా కాదు. వడ్రంగి ఇరవై లక్షల రాట్నాలు చేసి పెట్టినా, త్రిప్పడం తెలిసిన చేతులు ఇరవై లక్షల జతలు కావాలి. ఒక్కొక్క ఉపాధ్యాయుడు ఇరవైమందికి నేర్పగలడనుకున్నా, లక్షమంది ఉపాధ్యాయులు కావాలి. మూడు నెలల్లో వారెక్కడినుండి వస్తారు? నలభై ఏళ్ళు ఉపాధ్యాయవృత్తిలో ఉన్నవాణ్ణి కనుక ఈ లెక్క నాకు వెంటనే తోచింది.

ఆ ఏప్రిల్‌లోనే గాంధీగారు నెల్లూరు దగ్గర పల్లిపాడులో పినాకినీ తీరాన సత్యాగ్రహాశ్రమాన్ని ప్రారంభించారు. ఇటువంటి ఆశ్రమాలు నేర్పగలిగేవి. కానీ ఆశ్రమానికి వచ్చి నెలల తరబడి ఉండగలిగేవారు ఎందరు? ఇల్లాలు రాలేదు, రైతు రాలేడు. వారు రాగలిగేది తిరునాళ్ళకే. ఆ సంవత్సరాంతంలో అహమ్మదాబాదు సభలో కుర్చీలు తీసివేసి ప్రతినిధులను నేలమీద కూర్చోబెట్టారు. ఖద్దరు డేరాలు వేశారు. ప్రదర్శనను ఖద్దరు చుట్టూ నిర్మించారు. ఆ తరువాత రెండేళ్ళకు కాకినాడ సభ వచ్చింది.

కాకినాడ సభకు మౌలానా మహమ్మదాలీ అధ్యక్షుడు. ఆహ్వానసంఘానికి కొండా వెంకటప్పయ్య పంతులుగారు అధ్యక్షులు. గాంధీగారు అప్పటికి ఎరవాడ జైలులో ఉన్నారు. శాసనసభలలోకి వెళ్ళాలా వద్దా అన్న తగవు నాయకులను రెండు పక్షాలుగా చీల్చింది. ఆ తగవు సభాపందిరిలో సాగుతుండగా, ప్రక్కనున్న ఖద్దరు ప్రదర్శన వాకిట ఒక పద్నాలుగేళ్ళ బాలిక స్వచ్ఛందసేవికగా నిలుచున్నది. టికెట్టు లేనివారిని లోపలికి పంపరాదని ఆమెకు ఆజ్ఞ. జవాహర్‌లాల్ నెహ్రూ టికెట్టు లేకుండా వస్తే ఆపివేసింది. నిర్వాహకులు పరుగెత్తుకు వచ్చి ఆమెను మందలించబోగా, తనకు అప్పగించిన పని తాను చేస్తున్నానన్నది. చివరకు టికెట్టు కొని ఇచ్చాకే ఆయనను లోపలికి వదిలింది. ఆ బాలికే తరువాతి కాలంలో ఆంధ్ర మహిళాసభను స్థాపించి, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలైన దుర్గాబాయి దేశ్‌ముఖ్.

ఈ కథను అందరూ ఆమె ధైర్యానికి ఉదాహరణగా చెబుతారు. నాకు మాత్రం ఇంకొక సంగతి కూడా కనిపిస్తుంది. ప్రదర్శనకు టికెట్టు పెట్టారు, ఆ టికెట్టును ఒక బడిపిల్ల అంత పట్టుదలగా కాపాడింది అంటే, దానిని వారు వినోదంగా తలచలేదు. మా అమ్మమ్మ కూడా టికెట్టు కొనుక్కునే లోపలికి వెళ్ళింది. వాకిట ఉన్న పిల్ల తనకంటె చిన్నదని, అయినా దొరసానిలా నిలబడిందని చెప్పేది. ఆ పిల్ల దుర్గాబాయిగారో, మరొక సేవికో మాకు తెలియదు. అమ్మమ్మకూ తెలియదు.

కాకినాడలోనే అఖిల భారత ఖద్దరు మండలి ఏర్పడింది. 1925లో పాట్నాలో అది అఖిల భారత చరఖా సంఘంగా రూపొందింది. ఈ నడుమ ఒక సాహసం జరిగింది. 1924లో గాంధీగారు స్వయంగా అధ్యక్షత వహించిన బెళగాం సభలో, కాంగ్రెసు సభ్యత్వానికి డబ్బుకు బదులు నూలు రుసుముగా నిర్ణయించారు. నెలకు రెండువేల గజాలు. రోజుకు చూస్తే అరవై ఏడు గజాలకు మించదు. చేయి తిరిగినవారికి అది అరగంటలోపు పని. అయితే ఆ నియమంలోనే ఒక వెసులుబాటు కూడా ఉన్నది. జబ్బుచేసినా, ఇష్టం లేకపోయినా, మరొకరు వడికిన నూలు తెచ్చి ఇవ్వవచ్చును. ఫలితం ఊహించదగినదే. సంవత్సరం తిరగకుండానే 1925 సెప్టెంబరులో నియమాన్ని సడలించి, ఏడాదికి నాలుగణాలుగాని, స్వయంగా వడికిన రెండువేల గజాల నూలుగాని ఇస్తే చాలునన్నారు.

ఆ నెలలోనే రవీంద్రనాథ్ టాగోరు రాట్నంమీద తన విమర్శను ప్రకటించారు. అందరూ ఒకే పనిని ఆలోచన లేకుండా చేస్తే మనుష్యులు యంత్రాలవుతారన్నది ఆయన భయం. గాంధీగారు గౌరవంగా, కానీ గట్టిగా బదులిచ్చారు. సంవత్సరంలో నాలుగైదు నెలలు పనిలేకుండా కూర్చునే రైతుకు రాట్నం బంధనం కాదు, కూడు అన్నది ఆయన వాదం. ఇద్దరి మాటలోనూ సత్యమున్నది. బలవంతంగా నూలు రుసుము కట్టిన పట్టణపు వకీలు విషయంలో కవి మాట నిజమయింది. పొలం పని లేని వేసవిలో వడికిన బీద ముసలమ్మ విషయంలో మహాత్ముని మాట నిజమయింది.

ఇక మా అమ్మమ్మ సంగతి. కాకినాడనుండి వచ్చాక వాళ్ళ నాన్న రాట్నం చేయించి ఇచ్చాడు. ఏకులు పట్నంలోని ఖద్దరు దుకాణంనుండి వచ్చేవి. పదేళ్ళపాటు ఆమె వడికింది. తన పెళ్ళికి తను వడికిన నూలుతో నేసిన చీరె కట్టుకున్నది. తరువాత ఏదో కారణంవల్ల ఆ దుకాణం మూతపడింది. ఏకులు రావడం ఆగిపోయింది. ఇంటివెనుక చేనులో పత్తి పండుతున్నది, ఇంట్లో రాట్నం ఉన్నది, చేతిలో విద్య ఉన్నది. నడుమ ఏకడం ఒక్కటే రాదు. రాట్నం అటకెక్కింది. "చివర మాత్రమే నేర్చుకున్నానురా, మొదలు ఎవరూ చూపలేదు" అనేది.

గంగాబెన్ విజాపూరులో విన్న మాటా, గాంధీగారిని కలవరపెట్టిన ప్రశ్నా మా ఇంట్లో ఇలా మళ్ళీ పుట్టాయి. తిరునాళ్ళలో చూపడానికి అందంగా ఉండేది చక్రం తిరగడం. దూది ఏకేచోట దుమ్ము రేగుతుంది, గొంతు పట్టేస్తుంది, ఎవరూ నిలబడరు. ఆకర్షణ ఉన్నచోట జనం గుమిగూడుతారు, అవసరం ఉన్నచోట కాదు. ప్రదర్శన అనే ప్రక్రియలోనే ఈ లోపం ఉన్నది.

దీనికి విరుగుడు మన శ్రీకాకుళం జిల్లా పొందూరులో ఉన్నది. అక్కడి సన్న ఖద్దరు లోకప్రసిద్ధం. అక్కడి స్త్రీలు పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ సన్నని పళ్ళ వరుస దువ్వెనలా పనిచేసి, పత్తిపోగులలోని నలుసులను తీసి, పోగులను ఒకే వరుసకు తెస్తుంది. పత్తి వారి ప్రాంతానిది, పనిముట్టు చేపలవానినుండి వస్తుంది, విద్య తల్లినుండి కూతురికి వస్తుంది. గొలుసులో ఏ లంకే ఊరికి మరీ దూరం కాదు. ఇతర ప్రాంతాలలో ఖద్దరు ఉద్యమం చల్లబడినా పొందూరు నిలవడానికి ఇది ముఖ్యకారణమని నా అభిప్రాయం.

కాంగ్రెసు పెద్దలు కూడా ఈ లోపాన్ని గుర్తించకపోలేదు. 1934 డిసెంబరులో వార్ధాలో అఖిల భారత గ్రామోద్యోగ సంఘం స్థాపించారు. దానికి కార్యదర్శి జె.సి.కుమారప్ప. అమెరికాలో అర్థశాస్త్రం చదివి, బొంబాయిలో లెక్కల పరిశోధకుడుగా ఉండి, ఆ వృత్తిని వదిలివచ్చిన తమిళుడు. రాట్నంతోపాటు దంపుడు బియ్యం, తిరగటి పిండి, గానుగనూనె, తాటిబెల్లం, తేనెటీగల పెంపకం, చేతికాగితం, తోళ్ళ పదును, సబ్బు తయారీ వంటివన్నీ ఆ సంఘం పరిధిలోకి వచ్చాయి. 1936 మార్చి 28న లక్నోలో గాంధీగారు ప్రారంభించిన ప్రదర్శనలో వస్తువులకంటె ఆ వస్తువులు తయారయ్యే పద్ధతికి ప్రాధాన్యమిచ్చారు. పనివారిని రప్పించి, చూసేవారి ఎదుట పనిచేయించారు.

అదే సంవత్సరం డిసెంబరులో ఫైజ్‌పూర్‌లో కాంగ్రెసు మహాసభ మొట్టమొదటిసారిగా ఒక పల్లెలో జరిగింది. ఫైజ్‌పూర్ మహారాష్ట్రలోని ఖాందేశ్ ప్రాంతపు గ్రామం. శాంతినికేతన చిత్రకారుడు నందలాల్ బోసు వెదురుతోనూ స్థానికంగా దొరికే సామగ్రితోనూ సభాస్థలాన్ని అలంకరించాడు. 1938 ఫిబ్రవరిలో తపతీతీరాన హరిపురాలో జరిగిన సభకు ఆయనే గ్రామీణుల నిత్యకృత్యాలను పటాలుగా చిత్రించాడు. పల్లెవాడు తన బ్రతుకును తాను గోడమీద చూసుకున్నాడు. ప్రదర్శనకోసం పల్లె పట్నానికి రావడం మాని, ప్రదర్శనే పల్లెకు వెళ్ళింది. నాకు ఇది చిన్న మార్పుగా తోచదు.

మన తెలుగువారికి ఇందులో నవ్వూ ఏడుపూ రెండూ ఉన్నాయి. రోలు, రోకలి, తిరగలి, చేట ప్రదర్శనలో పెట్టి చూపవలసిన వస్తువులా? మన అమ్మమ్మలు తెల్లవారుజామున లేచి వడ్లు దంచినవారే కదా! కానీ ఆనకట్టలతో కృష్ణా గోదావరీ మండలాలు అన్నపూర్ణలైన తరువాత మరబియ్యం వచ్చింది. దంపుడు తగ్గింది. దాని వెంట బెరిబెరి వచ్చింది. కాళ్ళు తిమ్మిరెక్కి, గుండె నీరసించి మనుష్యులు పడిపోయే వ్యాధి అది. 1930ల చివర కూనూరు పోషకాహార పరిశోధనశాలలో ఎయిక్రాయిడ్, ఆయన సహచరులు చేసిన పరిశీలనలో, భారతదేశంలో ఈ వ్యాధి ముఖ్యంగా ఉత్తర సర్కారులలో, అనగా మన కోస్తా తెలుగు జిల్లాలలోనే కనబడుతున్నదని తేలింది. తమిళ మలయాళ ప్రాంతాలవారు ఎక్కువగా ఉప్పుడు బియ్యం తినేవారు. వడ్లను నానబెట్టి ఉడకబెట్టినపుడు, పైపొరలోని బి విటమిను గింజలోపలికి దిగుతుంది. తరువాత మరలో ఆడించినా కొంత మిగులుతుంది. మనవారు పచ్చిబియ్యాన్ని మరలో తెల్లగా పాలిష్ పట్టించి తిన్నారు. విటమిను తవుడుతోపాటు పశువుల కుడితిలోకి పోయింది. ధాన్యం సమృద్ధిగా పండినచోటనే అన్నం తిని జబ్బుపడ్డ విచిత్రం అది. కుమారప్ప దంపుడు బియ్యం గురించి పోరాడుతుంటే వెనుకటి కాలానికి పోతున్నాడని నవ్వినవారున్నారు. రోకలి పోటు వెనుక ఇంత శాస్త్రమున్నదని దంచిన మన అమ్మమ్మలకూ తెలియదు, నవ్వినవారికీ తెలియదు.

అయితే చరిత్రను ఒకవైపునుండే చూడరాదు. దంపుడు అన్నమాటలో ఆడవాళ్ళ నడుము నొప్పి కూడా ఉన్నది. మర వచ్చినపుడు ఎందరో స్త్రీలు చేతులెత్తి దండం పెట్టి ఉంటారు. వడకడంలో వచ్చే కూలి మరీ స్వల్పం. 1935లో గాంధీగారే ఇది అన్యాయమని, వడికేవారికి బ్రతకగలిగిన కూలి ఇవ్వాలని పట్టుబట్టి చరఖా సంఘం కూలిరేట్లు పెంచేటట్లు చేశారు. కూలి పెరిగితే ఖద్దరు ధర పెరిగింది, కొనేవారు తగ్గారు. స్వావలంబనం అంటే స్వ-అవలంబనం, తన్ను తానే ఊతగా పట్టుకోవడం. అమ్మకానికి చేసిన నాడు ఊత కొనేవాడి చేతిలోకి పోతుంది. ఆ సంగతి గ్రహించే, మన బట్ట మనమే వడికి కట్టుకోవాలన్న మాటకు గాంధీగారు చివరి సంవత్సరాలలో అంత ప్రాధాన్యమిచ్చారు.

స్వాతంత్ర్యం వచ్చాక 1953లో ఖాదీ గ్రామోద్యోగ మండలి, 1957లో కమిషను ఏర్పడ్డాయి. ఉద్యమం కార్యాలయమయింది. ప్రదర్శన దుకాణమయింది. గాంధీజయంతికి తగ్గింపు ధరల బోర్డు కట్టే వేడుక మనకు తెలిసిందే. చూడవచ్చినవాడు మళ్ళీ కొనుగోలుదారు అయ్యాడు. 1901 దగ్గర మొదలైన చక్రం తిరిగి అక్కడికే వచ్చి ఆగింది.

తప్పంతా ప్రభుత్వానిదనడం న్యాయం కాదు. నా వంతు నేను చెప్పుకోవాలి. 1937లో వార్ధా విద్యాసభ చేతిపని ద్వారా చదువు చెప్పాలని తీర్మానించింది. ఆ ఆలోచన అవశేషంగా నా చిన్నతనంలో మా ప్రాథమిక పాఠశాలలో తకిలీ తరగతి ఉండేది. మాస్టారు ఏకు ఇచ్చేవారు, మేము తకిలీ బొంగరంలా తిప్పి ఆడుకునేవాళ్ళం. దారం ఎన్నిసార్లు తెగితే అన్ని మొట్టికాయలు. పెద్దయి నేనే ఉపాధ్యాయుణ్ణయ్యాక, కాలపట్టికలో వారానికి రెండు పీరియడ్లు చేతిపనికి ఉండేవి. ఆ రెండింటిలోనూ నేను పదవ తరగతి పిల్లలకు సంధులూ సమాసాలూ వల్లె వేయించాను. దినచర్య పుస్తకంలో మాత్రం చేతిపని జరిగినట్లు వ్రాసి సంతకం పెట్టాను. ఒకటి రెండుసార్లు కాదు, ఎన్నో సంవత్సరాలు. మార్కులు బాగా వచ్చాయి, పిల్లలు ఉద్యోగాలలో చేరారు, తల్లిదండ్రులు దండాలు పెట్టారు. ఆ సంతకాలు మాత్రం ఇప్పటికీ నన్ను గుచ్చుతూనే ఉన్నాయి.

తిరునాళ్ళ బడి పూర్తిగా మూతపడిందని అనుకునేవాణ్ణి. పదవీవిరమణ తరువాత ఒక మిత్రుని వెంట జహీరాబాదు ప్రాంతానికి వెళ్ళినపుడు ఆ అభిప్రాయం మార్చుకున్నాను. అక్కడ దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అండతో దళిత మహిళల సంఘాలు ఇరవై ఏళ్ళకు పైబడి పాత పంటల జాతర జరుపుతూ వచ్చాయి. సంక్రాంతి రోజుల్లో మొదలుపెట్టి సుమారు నెలరోజులపాటు, ఎడ్లబండ్లను అలంకరించి, వాటిలో జొన్న, కొర్ర, సామ, కంది, పెసర మొదలైన విత్తనాలను పాత్రలలో నింపి ఊరూరా ఊరేగిస్తారు. బండి ఆగినచోట పాట, డప్పు, ఆపైన మాట. ఏ నేలలో ఏ గింజ పండుతుంది, ఏ గింజను ఎలా దాచాలి అని మాట్లాడుకుంటారు. అక్షరాలు రాని స్త్రీలు ఆచార్యులు. నేను చెప్పులు విడిచి ఒక చెట్టుకింద కూర్చుని విన్నాను.

అక్కడొక ముసలమ్మ వేపాకూ బూడిదా కలిపి విత్తనాలను బుట్టలో దాచే పద్ధతి చెబుతున్నది. చెప్పడంతో ఆగలేదు. ఎదురుగా కూర్చున్న పడుచుపిల్ల చేతికి బుట్ట ఇచ్చి పేడతో అలికించింది. సరిగా అలకకపోతే తుడిపించి మళ్ళీ అలికించింది. విత్తనం దాచడం మొదలు, విత్తడం చివర. చివరినుండి కాక మొదటినుండి నేర్పుతున్నారు. నాకు మా అమ్మమ్మ మాట గుర్తుకొచ్చి కళ్ళు చెమర్చాయి. కాకినాడలో ఆనాడు ఆ నడివయసు స్త్రీ ప్రక్కన దూదేకేవాడు కూడా కూర్చుని ఉంటే, మా అమ్మమ్మ అతని దగ్గర ఇంకొక పూట గడిపి ఉంటే, మా అటకమీద ఆ రాట్నం ఉండేది కాదు. నట్టింట ఉండేది.

చరిత్ర చదివినందువల్ల నాకు తెలిసినది ఇంతే. పదిమంది కూడినచోట విద్య మొలకెత్తుతుంది. వేరు పట్టడం మాత్రం ఇంట్లోనే జరగాలి. ఉత్సవం ఆసక్తిని పుట్టించగలదు, సిగ్గును పోగొట్టగలదు, మన చేతికి ఈ పని వస్తుందన్న ధైర్యమివ్వగలదు. అది తక్కువేమీ కాదు. మా అమ్మమ్మకు ఆ ధైర్యం ఒక్క పూటలో వచ్చింది. దానిని నిలుపుకోవడానికి కావలసిన మిగతా విద్య అందించేవారు లేకపోయారు. లోపం తిరునాళ్ళది కాదు, తిరునాళ్ళ మరునాటిది.

ఈ సంక్రాంతికి రాట్నం దింపి మళ్ళీ అటకెక్కించలేదు. మా ఊరి వడ్రంగి కదురు సరిచేశాడు. త్రాడు కొత్తది వేశాను. పెరటిలో రెండు పత్తిమొక్కలు ఉన్నాయి. వాటి కాయలు పగిలితే గింజ తీసి, వేళ్ళతో విడదీసి, నాకు చేతనైనట్లు ఏకులు చుట్టాను. అరగంటలో పదకొండుసార్లు దారం తెగింది. ప్రక్కన కూర్చున్న మనుమరాలు లెక్కపెట్టి మరీ చెప్పింది. మొట్టికాయలు వేయడానికి మా మాస్టారు లేరు కనుక బ్రతికిపోయాను.

పన్నెండవసారి తను త్రిప్పుతానన్నది. "ముందు దూది ఏకడం నేర్చుకో తల్లీ" అని గింజలు తీయని పత్తి దాని ఒడిలో పోశాను.